ఆక్యుపంక్చర్ సూదికి జవాబుదారీ ఎవరు? వైద్య ఆరోగ్య శాఖకు ఒక రిటైర్డ్ నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు,
ప్రతులు: ఆయుష్ శాఖ అధికారులకు, ఆక్యుపంక్చర్ చేసేవారికి, నా తోటి నర్సులకు

విషయం: ఒంట్లో సన్నని సూదులు గుచ్చి నొప్పులకు ఆక్యుపంక్చర్ వైద్యం చేసే కేంద్రాల మీద ఎవరి అజమాయిషీ లేకపోవడం, ప్రభుత్వ దవాఖానల్లో మొండి నొప్పులకు సరైన వైద్యం అందకపోవడం గురించి.

నమస్కారం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని. మీ శాఖ ఇచ్చిన జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ముందు మీకు విడిగా రాశాను. పద్నాలుగు నెలల్లో మూడు కాగితాలు ఇచ్చాను. మొదటిది సోమవారం ప్రజావాణిలో. రసీదు ఇచ్చారు, అంతే. రెండోది రిజిస్టర్ పోస్టులో. అందినట్టు కార్డు వచ్చింది గానీ జవాబు రాలేదు. మూడోది సమాచార హక్కు కింద. మా జిల్లాలో ఆక్యుపంక్చర్ కేంద్రాలు ఎన్ని ఉన్నాయి, నడిపేవాళ్ల చదువేమిటి, ఎప్పుడైనా తనిఖీ చేశారా అని అడిగాను. "అట్టి సమాచారం ఈ కార్యాలయమందు లభ్యము కాదు" అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యం చూశాకే ఈ లేఖ అందరి ముందూ పెట్టాలని నిర్ణయించుకున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

మా చెల్లె బీడీలు చుడుతుంది. పన్నెండో ఏట చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఇప్పుడు 54. రోజుకు వెయ్యి బీడీల లెక్కన కాళ్లు మడిచి కూర్చున్న మనిషి మోకాళ్లు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎక్స్‌రే చూసినవాళ్లు గుజ్జు అరిగింది అన్నారు. పైగా బీపీ, షుగర్. వారానికోసారి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది, ఇంట్లో పొద్దుటొకటి రాత్రొకటి నొప్పి గోలీ. ఇలా ఏడేళ్లు నెట్టుకొచ్చింది.

పోయిన ఏడాది పక్క టౌన్‌లో ఒక సెంటర్ తెరిచారు. మందు లేకుండా, ఆపరేషన్ లేకుండా మోకాళ్లు, నడుము, షుగర్, థైరాయిడ్, పక్షవాతం అన్నీ మాయం అని బోర్డు. పదిహేను సిట్టింగుల ప్యాకేజీ 12 వేలు, ముందే కట్టాలి. కట్టింది. మొదటి వారంలో మోకాళ్లు కొంచెం తేలికైన మాట నిజం. నేను దాన్ని దాచను. కానీ ఆ తేలికనే సాక్ష్యంగా చూపించి అక్కడి మనిషి, ఇంగ్లిష్ మందులన్నీ విషం, ఆపెయ్యమన్నాడు. "అక్కా, బీపీ గోలీ గూడ బంద్ చేసిన, సూదులే సాలన్నరు" అని ఫోన్‌లో సంబరంగా చెప్పింది. గట్టిగా తిట్టాను. తర్వాతి రోజు పోదామని బ్యాగు సర్దుకున్నాను. ఆ తెల్లారుజామునే మూతి ఒక పక్కకు పోయింది. దవాఖానకు తీసుకుపోయేసరికి బీపీ 220/120. ప్రాణం దక్కింది గానీ ఎడమ చేత్తో తునికాకు పట్టుకోలేకపోతోంది. బీడీ చుట్టే మనిషికి ఆ చెయ్యి పోతే కూలి పోయినట్టే.

తర్వాత నేనే ఆ సెంటర్‌కు పోయి గంటసేపు పేషెంట్‌లా కూర్చున్నాను. స్టీలు గిన్నెలో స్పిరిట్, అందులో సూదులు. ఒకరి ఒంట్లోంచి తీసినవి అందులో వేస్తున్నారు, అందులోంచి తీసి ఇంకొకరికి గుచ్చుతున్నారు. స్పిరిట్‌లో ముంచినంత మాత్రాన సూది స్టెరైల్ కాదని నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే నేర్పిస్తారు. చేతికి గ్లౌజు లేదు. వాడిన సూదులు పడెయ్యడానికి డబ్బా లేదు.

ఫిర్యాదు చేద్దామని తిరిగాను. వైద్య శాఖ వాళ్లు, అది అల్లోపతి కాదు కదమ్మా, ఆయుష్ వాళ్లను అడగండి అన్నారు. ఆయుష్ కార్యాలయంలో, మా పద్ధతుల్లో ఆక్యుపంక్చర్ లేదండీ అన్నారు. ఆ పేరులోని అక్షరాలు చూస్తే వాళ్లు చెప్పింది నిజమే: ఆయుర్వేదం, యోగా–నేచురోపతి, యునానీ, సిద్ధ, హోమియో. కాకపోతే నేచురోపతి డాక్టర్లు చదివే బీఎన్‌వైఎస్ కోర్సులో ఆక్యుపంక్చర్ కూడా పాఠమే. ఆ సంగతి అంటే, అది కాలేజీ విషయం అన్నారు. పోలీస్ స్టేషన్‌లో, వైద్య శాఖ రాసిస్తే కేసు పెడతాం అన్నారు. వైద్య శాఖ దగ్గరికి మళ్లీ వచ్చాను. అక్కడ కుర్చీలో ఆఫీసరు మారారు.

ఇదంతా చదివి ఈమె ఆక్యుపంక్చర్ అంటేనే మోసం అంటోంది అనుకోకండి. నేనూ చేయించుకున్నాను.

వార్డుల్లో మనుషుల్ని లేపీ పడుకోబెట్టీ నా నడుము ఎప్పుడో పోయింది. రిటైరయ్యాక ఒక ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర, ఈ విద్య పద్ధతిగా నేర్చుకున్నాయన, ఎనిమిది సిట్టింగులు చేయించుకున్నాను. ప్రతిసారీ నా ముందే కొత్త ప్యాకెట్ చింపేవాడు. మొదటి రోజే, ఆరు సిట్టింగుల్లో తేడా తెలియకపోతే ఆపేద్దాం అన్నాడు. పదికి ఏడు ఉండే నొప్పి నాలుగుకు దిగింది. రోజూ రెండుసార్లు వేసుకునే డైక్లోఫెనాక్ నొప్పి గోలీ వారానికి రెండుకు తగ్గింది. అదే నెలలో నడక, నడుం వ్యాయామాలు కూడా మొదలుపెట్టాను, కాబట్టి గొప్పంతా సూదికే ఇవ్వలేను. నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని ఆయనా చెప్పలేదు. ఆ ఒక్క నిజాయితీ, ఆ కొత్త సూది ప్యాకెట్, ఈ రెండే నాకూ మా చెల్లెకూ మధ్య తేడా. ఆ తేడా అదృష్టాన్ని బట్టి కాకుండా ప్రభుత్వ నియమాన్ని బట్టి ఉండాలని నా గోడు.

ఇక ఈ సూది గురించి లోకానికి ఇప్పటిదాకా తెలిసిందేమిటో కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే మీ కార్యాలయంలో ఒకాయన, ఇదంతా నమ్మకాల వ్యవహారం, మనం వేలు పెట్టకపోవడమే మంచిది అన్నారు.

ఆక్యుపంక్చర్ సూదిలో బోలు ఉండదు, మందు ఉండదు. మందం సుమారు పావు మిల్లీమీటరు. మనం ఇంజెక్షన్‌కు వాడే 22 గేజి సూది 0.7 మిల్లీమీటర్లు. గుచ్చి ఇరవై ముప్పై నిమిషాలు ఉంచుతారు. గుచ్చిన చోట బరువుగా, తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఇది ఎలా పనిచేస్తుందన్న దానికి చైనా పాత గ్రంథాలు నాడీ మార్గాల లెక్క చెబుతాయి. ల్యాబుల్లో దొరికింది వేరు. మార్ఫిన్ ప్రభావాన్ని తీసెయ్యడానికి నాలొక్సోన్ అనే మందు ఉంది, వార్డుల్లో మేమూ వాడతాం. ఆ మందు ఇస్తే ఆక్యుపంక్చర్‌తో తగ్గిన నొప్పి మళ్లీ తిరగబెట్టిందని 1970లలో కొన్ని ప్రయోగాలు చూపించాయి. అంటే ఒళ్లు తనకు తానే తయారుచేసుకునే, నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లకు ఇందులో పాత్ర ఉందన్నమాట.

నమ్మకం సంగతి తేల్చడానికి జర్మనీ వాళ్లు ఒక పెద్ద పరీక్ష పెట్టారు. 2007లో ఫలితాలు వచ్చాయి. పాత నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు శాస్త్రం చెప్పిన చోట్ల సూదులు. ఇంకో గుంపుకు ఆ చోట్లు కాకుండా వేరే చోట్ల పైపైన గుచ్చే ఉత్తుత్తి సూదులు. మూడో గుంపుకు మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకు చూస్తే, అసలు సూదుల గుంపులో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. ఉత్తుత్తి సూదుల్లో 44.2 శాతం. మూడో గుంపులో 27.4 శాతం.

ఈ మూడు అంకెల దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నచ్చనివాళ్లు రెండో అంకె చూపించి అంతా భ్రమ అంటారు. చేసేవాళ్లు మూడో అంకె చూపించి మాదే గెలుపు అంటారు. నర్సుగా నాకు అర్థమైంది ఇంకొకటి. మొదటి రెండు అంకెల మధ్య తేడా అంత తక్కువ ఉన్నప్పుడు, ఫలానా బిందువు మాకే తెలుసు, ఆ రహస్యం మా గురువుదే అని ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాటకు విలువ లేదు. అదే సమయంలో, నొప్పితో ఉన్న మనిషిని అరగంట పడుకోబెట్టి, ఒంటిమీద చెయ్యి వేసి, సూది గుచ్చి, వారం వారం మళ్లీ రమ్మని పిలిచే పద్ధతిలో ఏదో ఒక బలం ఉంది. రెండు నిమిషాల ఓపీలో చీటీ రాసి పంపేస్తే ఆ బలం రాదు. ఇంత మామూలు విద్యను శిక్షణ ఇచ్చి ప్రభుత్వ సిబ్బందికి నేర్పలేమా?

ఆ తర్వాత వేరే వేరే దేశాల పరీక్షల్లోని రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చి లెక్కగట్టారు. 2018 నాటి ఆ లెక్కలో 39 పరీక్షలు, 20,827 మంది రోగులు. పాత నడుం నొప్పి, మెడనొప్పి, మోకాళ్ల అరుగుదల, తలనొప్పి, భుజం నొప్పుల్లో అసలు సూది ఉత్తుత్తి సూదికంటే కొంచెం మెరుగని, ఆక్యుపంక్చర్ చేయించుకోని వాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గంత మెరుగని తేలింది. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆక్యుపంక్చర్‌కు కూడా చోటిచ్చింది, షరతులతోనే.

అన్నిచోట్లా అవునన్నారని చెబితే నేనూ ఆ బోర్డు పెట్టినాయనలాగే అవుతాను. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2009లో నడుం నొప్పికి పది సిట్టింగుల దాకా ఇవ్వొచ్చంది, 2016లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మోకాళ్ల అరుగుదలకు ఇవ్వొద్దని 2022లో రాసింది. జర్మనీలో మాత్రం అదే మోకాళ్ల నొప్పికి ప్రభుత్వ బీమా 2007 నుంచి డబ్బు కడుతోంది. మళ్లీ అదే నైస్, కారణం తేలని పాత నొప్పులకు ఒక విడత ఆక్యుపంక్చర్ ఆలోచించవచ్చని 2021లో చెప్పింది. మొత్తం ఐదు గంటలకు మించకూడదు, ఖరీదైన సిబ్బంది అక్కర్లేదు అని షరతులు పెట్టింది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా 2020 జనవరి నుంచి పాత నడుం నొప్పికి మాత్రమే ఇస్తోంది: 90 రోజుల్లో 12 సిట్టింగులు, గుణం కనిపిస్తే ఇంకో 8, కనిపించకపోతే ఆపెయ్యాలి. పెద్ద పెద్ద దేశాలు తర్జనభర్జన పడి, మాట మార్చుకుని, షరతులు రాసుకున్నాయి. వేలు పెట్టకుండా కూర్చోవడం వేరు, పెట్టాక జాగ్రత్తగా తియ్యడం వేరు.

కొత్తగా వచ్చిన నొప్పుల సంగతి వేరు. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పత్రికాయన పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ఉండగా అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే చేశారు, ఆ తర్వాత కడుపు ఉబ్బరానికి, బాధకు సూదులు గుచ్చారు. ఆయన అది పత్రికలో రాశాకే అమెరికాలో ఈ వైద్యానికి గిరాకీ వచ్చింది. ఆపరేషనే సూదులతో చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది తప్పు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వైపు నాలుగు ఎమర్జెన్సీ వార్డుల్లో 528 మందిని, నడుం పట్టేసినవాళ్లను, మడమ బెణికినవాళ్లను, మైగ్రేన్‌తో వచ్చినవాళ్లను పరీక్షించి 2017లో ఫలితాలు ఇచ్చారు. సూది, మందు, రెండూ కలిపి, ఈ మూడు పద్ధతులూ దాదాపు సమానంగానే పనిచేశాయి. అయితే గంటలో చెప్పుకోదగ్గ ఉపశమనం పొందినవాళ్లు ఏ గుంపులోనూ సగం మంది లేరు. బెణుకుకూ పట్టేసిన నడుముకూ, కిడ్నీ దెబ్బతిని నొప్పి గోలీలు పడని మనిషికి ఇది పనికొచ్చే దారి. కానీ గుండెలో నొప్పికి, కడుపులో హఠాత్తుగా వచ్చిన నొప్పికి, జ్వరంతో కలిసిన వెన్నునొప్పికి, నడుం నొప్పితోపాటు కాలు చచ్చుబడినా మూత్రం మీద అదుపు తప్పినా, ముందు సూది గుచ్చితే గంటలు పోతాయి. ఆ గంటల్లో మనుషులూ పోతారు.

ఇక మామూలు జనానికి జరుగుతున్నది పాయింట్లుగా రాస్తాను. ఫైల్లో నోట్ పెట్టడానికి మీకూ సులువు.

1. నొప్పి గోలీల మీద బతుకుతున్నవాళ్లు లెక్కకు రావడం లేదు. బీడీలు చుట్టేవాళ్లు, సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్లు, నాట్లకు వంగే ఆడవాళ్లు, హమాలీలు, వీళ్లెవరూ నొప్పి అని దవాఖానకు రారు, కూలి పోతుంది. ఆర్‌ఎంపీ దగ్గర డైక్లో సూది, దానితో కలిపి డెక్సా అనే స్టిరాయిడ్. ఈ రకం గోలీలు ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తం కక్కుకుని రాత్రి డ్యూటీలో వచ్చినవాళ్ల సంచి వెతికితే ఇవే గోలీల స్ట్రిప్పులు దొరికేవి. నేను వాటిని ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నానో చెప్పలేను. మందు లేని నొప్పి వైద్యం ఏ రూపంలో అందుబాటులో ఉన్నా మొదటి లాభం వీళ్లకే. అదే వీళ్లకు లేదు.

2. డబ్బున్నవాళ్లకు ఒక రకం సూది, లేనివాళ్లకు ఇంకో రకం. హైదరాబాద్‌లో శిక్షణ ఉన్న డాక్టరు, ఏసీ గది, కొత్త ప్యాకెట్. మండల కేంద్రంలో స్టీలు గిన్నె.

3. ఒకే సూది పదిమందికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి ఒకరి నుంచి ఒకరికి పోయే దారి తెరుచుకుంటుంది. నెలల తర్వాత బయటపడే జబ్బు కాబట్టి ఎవరి మీదా నేరం రాదు. సరిగ్గా చేస్తే ఇది చాలా భద్రమైన వైద్యం, అందులో అనుమానం లేదు. బ్రిటన్‌లో శిక్షణ పొందినవాళ్లు చేసిన 34 వేల పైచిలుకు సిట్టింగులను గమనిస్తే ఒక్క ప్రమాదకరమైన ఘటన కూడా లేదని 2001లో వచ్చింది. శిక్షణ లేని చేయి భుజాల మధ్య, మెడ కింద, పక్కటెముకల మీద లోతుగా గుచ్చితే మాత్రం సూది ఊపిరితిత్తికి తగులుతుంది. గాలి లీకై ఊపిరి ఆడక వచ్చిన మనిషికి, ఇది ఆక్యుపంక్చర్ వల్ల అని చెప్పుకునే తెలివీ ఉండదు, రాసుకునే కాలమ్ మన రిజిస్టర్లలోనూ లేదు.

4. బీపీ, షుగర్, ఫిట్స్, రక్తం పలచబడే మందులు ఆపించడం. నా దృష్టిలో ఇది సూది కంటే పెద్ద ప్రమాదం. సూది పోటు రెండు రోజుల్లో మానుతుంది. ఆపిన బీపీ గోలీ మా చెల్లె చేతిని తీసుకుపోయింది.

5. ఫిర్యాదు చేసేచోటు లేకపోవడం. దీని గురించి పైన రాశాను, మళ్లీ ఎందుకు.

ఇవన్నీ మాకు కొత్త, చట్టం లేదు అంటారా? కేంద్ర ప్రభుత్వం 2003 నవంబర్ ఉత్తర్వులోనే ఆక్యుపంక్చర్‌ను చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది. 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్‌లో దీనికి 1996 నుంచే చట్టం ఉంది. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనాకు పోయిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో ఈ విద్యను కలకత్తాకు తెచ్చారు, ఆ పునాది అక్కడ ఉంది. మనతో సరిహద్దు పంచుకునే మహారాష్ట్రలో 2015 నాటి చట్టం ఉంది, దాని కింద కౌన్సిల్ ఉంది. గోదావరి ఆ గట్టున రిజిస్టర్ ఉంటే, ఈ గట్టున నాకు "లభ్యము కాదు" అనే జవాబు వచ్చింది.

అందుకని అడుగుతున్నాను.

6. ఆరు నెలల్లోపు రాష్ట్రంలోని ప్రతి ఆక్యుపంక్చర్ కేంద్రం పేరు, నడిపేవారి చదువు, శిక్షణ ఎక్కడ ఎన్ని నెలలు పొందారన్నది నమోదు చేసి, జనం చూసుకునేలా పెట్టండి. బెంగాల్, మహారాష్ట్ర చట్టాలను ముందు పెట్టుకుని మనకు కావలసింది రాయండి. చట్టం ఆలస్యమవుతుందంటే ముందు ఉత్తర్వు ఇవ్వండి.

7. చట్టం కోసం ఆగక్కర్లేని పని ఒకటుంది. 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు ఏ వైద్య పద్ధతికైనా, ఎంత చిన్న క్లినిక్‌కైనా వర్తిస్తాయి. వాడిన సూది గుచ్చుకోని తెల్ల డబ్బాలోకే పోవాలి. ఈ ఒక్క నిబంధన చేతిలో పట్టుకుని రేపటి నుంచే తనిఖీకి పోవచ్చు. డబ్బా లేని చోట తాళం వెయ్యండి. ఒకసారి వాడి పారేసే సూది తప్ప వేరే సూది కనిపించకూడదు.

8. డాక్టరు రాసిన మందు ఆపమని చెప్పినట్టు రుజువైతే ఆ కేంద్రం రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యాలి. పక్షవాతం, షుగర్, క్యాన్సర్ నయం చేస్తామనే బోర్డులు తియ్యించండి. ఇలాంటి జబ్బుల పేరుతో మందుల ప్రకటనలను ఆపడానికి 1954 నుంచి చట్టం ఉంది, సూదుల బోర్డులు దాని పక్కనుంచి జారిపోకుండా స్పష్టంగా రాయండి.

9. రెండు జిల్లా దవాఖానల్లో ఏడాదిపాటు నొప్పి క్లినిక్ పెట్టి చూడండి. ఒకటి బీడీల జిల్లాలో పెడితే బాగుంటుంది. వారానికి రెండు రోజులు చాలు. ఒక డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు, శిక్షణ ఇచ్చిన ఇద్దరు నర్సులు, వీలైతే ఒక బీఎన్‌వైఎస్ డాక్టరు. ముందు డాక్టరు చూసి ప్రమాదకరమైన జబ్బేదీ లేదని తేల్చాలి. తర్వాత వ్యాయామం, కూర్చునే తీరు మార్చడం, అవసరమైనవాళ్లకు ఆరు నుంచి పది సిట్టింగులు. గర్భిణులకు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు వేరే జాగ్రత్తలు రాసిపెట్టాలి. మొదటి రోజు నొప్పి ఎంత, నెలకు ఎంత, మూడు నెలలకు ఎంత, గోలీలు ఎన్ని తగ్గాయి అన్నది రాసి, ఏడాది చివర అంకెలు బయటపెట్టండి. ఉపయోగం లేదని తేలితే మూసెయ్యండి, నేనే వచ్చి ఆ నోట్ మీద మొదటి సంతకం పెడతాను. వ్యాయామం ఒక్కటే చాలని తేలినా మంచిదే, అది ఇంకా చౌక.

10. పల్లె దవాఖానకు బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడగమని మా ఏఎన్‌ఎంలకు చెప్పండి: నొప్పి గోలీలు ఎన్ని వేసుకుంటున్నావు? ఎవరైనా ఏదైనా మందు ఆపమన్నారా? దీనికి బడ్జెట్ అక్కర్లేదు. మా చెల్లెను ఎవరైనా రెండో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

11. ఫిర్యాదుకు జిల్లాకొక అధికారి పేరు చెప్పండి. ఏ శాఖ అయినా నాకు పట్టింపు లేదు, ఒక్క పేరు కావాలి.

ఆక్యుపంక్చర్ చేసేవారికి కూడా ఒక మాట. మీలో నిజాయితీగా చేసేవాళ్లు ఉన్నారు, నా నడుమే సాక్షి. రిజిస్ట్రేషన్ అనగానే మా కడుపు కొడుతున్నారు అని మీ సంఘాలు మొదట అంటాయని తెలుసు. స్టీలు గిన్నెల వాళ్లను మీరే వేరు చేసి చూపించకపోతే, రేపు ఒక పెద్ద కేసు బయటపడి అధికారులు ఒక్కసారిగా మేల్కొన్నప్పుడు మీ సెంటర్లకూ అదే తాళం పడుతుంది. షుగర్ తగ్గిస్తామని మాత్రం రాయకండి. నడుం నొప్పి, మెడనొప్పి, తలనొప్పి కొంత తగ్గుతుందని రాసుకోండి. దానికే జనం వస్తారు.

నా తోటి నర్సులకు: మీ వార్డులోకి వచ్చిన ప్రతి నొప్పి కేసులో ఎక్కడైనా సూదులు వేయించుకున్నారా అని అడిగి కేస్ షీట్‌లో రాయండి. కాలమ్ లేకపోతే మార్జిన్‌లో రాయండి. మనం రాయకపోతే అది ఎప్పటికీ లభ్యము కాదు.

అధికారులకు చివరగా. నాకు ఈసారి రసీదు వద్దు. పైన 6 నుంచి 11 వరకు ఉన్న ఆరు పాయింట్లలో దేనికి అవును, దేనికి కాదు, కాదంటే ఎందుకు అని అరవై రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వండి. రాకపోతే అరవై రోజులు దాటాక వచ్చే సోమవారం ప్రజావాణికి మా చెల్లెను తీసుకుని వస్తాను. ఆమె బస్సు ఎక్కడానికి ఇప్పుడు ఇద్దరం కావాలి, కాబట్టి మెట్లు లేని గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు చెయ్యమని ముందే మనవి చేస్తున్నాను.

ఇట్లు,
మీ శాఖలో 31 ఏళ్లు పనిచేసిన ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు